బలవంతపు జనవినిమయము ధర్మమా?

ఇద్దఱు గ్రామాధికారులు కూడి, ఒక గృహస్థుని అడుగకయే ఆతనిని భార్యాబిడ్డలతో పొరుగూరికి పంపివేసి, ఆ యూరివాని నొకనిని తెచ్చి ఆతని యింట కాపురముంచిరేని, అది న్యాయమని చెప్పువారెవ్వరును ఉండరు. పశువుల సంతలో ఎద్దునకు ఎద్దును మార్చుకొనుట కలదు. మనుష్యునకు మనుష్యుని మార్చుకొనుట నీచమని పామరుడు సయితము ఎఱుగును. అయినను ఇదే కార్యమును రెండు ప్రభుత్వములు, పదునైదు లక్షలకు మించిన జనుల విషయమున, మధ్యవర్తుల యెదుట చేవ్రాళ్లతో నడపినప్పుడు దానికి రాజనీతి యను పేరు కలిగినది. ఒకనికి చేసినప్పుడు అధర్మమైనది లక్షలమందికి చేసినప్పుడు ధర్మమగునా? శాంతి యను గొప్ప ఫలము దాని దోషమును కడిగివేయగలదా? ఈ ప్రశ్నమును విచారించుటకు గ్రీసు, తుర్కీ దేశముల మధ్య జరిగిన జనవినిమయముకంటె తగిన దృష్టాంతము లేదని మేము తలంచుచున్నాము.

1923వ సంవత్సరము జనవరి 30వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి లోజాన్ నగరమున ఆ రెండు ప్రభుత్వముల ప్రతినిధులు ఒక ఒడంబడిక చేసికొనిరి. దాని మొదటి ప్రకరణము యొక్క సారాంశమిది: ఆ యేటి మే 1వ తేదీ మొదలుకొని, తుర్కీలో నివసించు గ్రీకు ఆర్థడాక్సు మతస్థులగు తుర్కీ ప్రజలును, గ్రీసులో నివసించు మహమ్మదీయ మతస్థులగు గ్రీసు ప్రజలును నిర్బంధముగా వినిమయము చేయబడుదురు, ఇట్లు వెడలినవారు ప్రభుత్వానుజ్ఞ లేక తిరిగి వచ్చి కాపురముండరాదు. 'నిర్బంధము' అను మాట ఆ పత్రమునందే కలదు. దానిని మఱుగుపఱచ వలెనని ఎవ్వరికిని తోచలేదు. 1912 అక్టోబరు 18వ తేదీ తరువాత ఇల్లు విడిచి పోయిన వారందఱును ఈ మార్పిడిలో చేరినవారుగనే ఎంచబడిరి. కావున భయముచే పాఱిపోయి, కలత తీరిన పిమ్మట మరల స్వగ్రామము చేరుదమని ఎదురుచూచుచున్న వారికి ఒక్క వాక్యముతో ద్వారము మూయబడెను.

ఈ స్థితి ఒక్క దినమున వచ్చినది కాదు. ఉస్మానీయ సామ్రాజ్యమున క్రైస్తవులును మహమ్మదీయులును అనేక శతాబ్దములు ఒకే పట్టణములందు నివసించిరి. ఆ కాపురమంతయు ప్రేమమయమని మేము చెప్పము. పాలకుల మతమునకును పాలితుల మతమునకును హక్కులయందు భేదము కలదు. అయినను అంగడియు, నూయియు, పంటచేనును వారిని ఒక జీవనమున కూర్చినవి. 1912, 1913 సంవత్సరముల బాల్కను యుద్ధములలో మహమ్మదీయులు పెక్కు వేలమంది ఇండ్లు విడిచి అనటోలియా చేరిరి. 1914లో ఏజియను తీరమందలి గ్రీకులు బెదరింపులకు లోనై ఓడలెక్కిరి. 1919 మే 15వ తేదీన గ్రీకుసేన స్మిర్నా రేవున దిగి, క్రమముగా లోపలి భూములకు చొచ్చుకొనిపోయెను. 1922లో ఓడి వెనుకకు మరలునప్పుడు త్రోవలోని పట్టణములను కాల్చెను. సెప్టెంబరు 9వ తేదీన తురుష్కసేన స్మిర్నా ప్రవేశించెను. నాలుగు దినములు గడవక మునుపే అగ్ని పుట్టి, ఆ నగరమున గ్రీకులును ఆర్మీనియనులును నివసించు భాగములు భస్మమయ్యెను. మంటలకును సముద్రమునకును నడుమ రేవుగట్టుపై నిలిచిన జనుల దురవస్థ లోకమెల్ల ఎఱిగినదే. ఉభయపక్షముల సేనలును నిరాయుధులను హింసించినవి. ఏ పక్షమును చేతులు కడుగుకొనజాలదు.

ఇక ఆ ఒడంబడిక జనులను విభజించిన గుర్తును పరీక్షింతము. గ్రీకు ఎవడు, తురుష్కుడెవడు అని నిర్ణయించుటకు అందు వాడబడిన కొలత భాష కాదు, ఆచారము కాదు, ఆ మనుష్యుని ఇష్టము అంతకంటెను కాదు, మతమొక్కటియే. దీని ఫలము మిక్కిలి విపరీతముగా నుండెను. అనటోలియా నడిమి భాగమగు కప్పదోకియాలో కరమాన్లీలను క్రైస్తవులుండిరి. వారిలో పెక్కుమంది మాటలాడునది తుర్కీ భాష; తమ గ్రంథములను తుర్కీ భాషలోనే గ్రీకు లిపితో వ్రాసికొనిరి. యుద్ధము వారి గ్రామముల దరిదాపులకు రాలేదు. అయినను వారు 'గ్రీకులు'గా లెక్కింపబడి, తామెన్నడును చూడని, భాషయైన తెలియని గ్రీసు దేశమునకు 1924లో పంపబడిరి. అటులనే క్రీటు ద్వీపమందలి మహమ్మదీయులు మాటలాడునది గ్రీకు భాష. వారు 'తురుష్కులు'గా లెక్కింపబడి, భాష తెలియని తుర్కీ తీరమున దింపబడిరి. సలోనికా నగరమున దోన్మే లను ఒక చిన్న సమాజము కలదు. వారు యూదుల సంతతి; పూర్వమెప్పుడో పైకి మహమ్మదీయ మతమును స్వీకరించి, తమలోతాము వేఱు ఆచారములు పాటించుచుండిరి. వారును మహమ్మదీయుల పట్టికలో చేర్చబడి పంపబడిరి.

మతమనగా జీవునకును ఈశ్వరునకును గల సంబంధము. ఒకడు ఏ హృదయముతో ప్రార్థించుచున్నాడో, ఆ ప్రార్థన వాని నడవడి నెంతవఱకు శుద్ధిచేసినదో పరీక్షించు అధికారము ఏ రాజునకును లేదు. లోజాన్ ఒడంబడికయందు మతము ఆ పవిత్రస్థానము నుండి దింపబడి, మూటలపై వ్రాయు చిరునామావంటి దయ్యెను. దేవుని నమ్ముటకు గాని నమ్మకుండుటకు గాని అందు విలువ లేదు. తండ్రితాతల పేర్లు ఏ దేవాలయపు పుస్తకమున నున్నవో అదియే మనుష్యుని దేశమును, భూమిని, శ్మశానమును నిర్ణయించెను. మతమునకు ఇంతకంటె గొప్ప అవమానము నాస్తికుల వలన సయితము కలుగదని మా యభిప్రాయము.

కొందఱికి మాత్రము మినహాయింపు దొరికెను. కాన్‌స్టాంటినోపిలు నగరమున 1918 అక్టోబరు 30వ తేదీకి పూర్వమునుండి కాపురమున్న గ్రీకులును, పశ్చిమ థ్రేసు సీమయందలి మహమ్మదీయులును ఉన్నచోటనే ఉండవచ్చునని ఒడంబడిక చెప్పెను. ఒక్కొక్క పక్షమున సుమారు లక్షమందికి పైగా ఇట్లు మిగిలిరి. ఇది దయ అని తోచును గాని, లోతుగా చూచినచో వేఱొక సంగతి కనబడును. ఈ రెండు సమాజములును ఒకదాని కొకటి జామీనుగా నిలుపబడినవి. అచ్చటివారికి కీడు జరిగినచో ఇచ్చటివారిని బాధింపవచ్చునను తలంపు అందు ఇమిడియున్నది. తన నేరము లేకయే, సముద్రమునకు ఆవల ఇతరులు చేసిన పనికి తాను ఉత్తరవాది యగుట కంటె అన్యాయమేమి కలదు? 1955 సెప్టెంబరు 6, 7 తేదీలలో ఇస్తాంబూలు నగరమున గ్రీకుల అంగళ్లు, ఇండ్లు, దేవాలయములు దోచబడెను. 1964లో సైప్రసు కలహము కారణముగా ఆ నగరమునందలి గ్రీసు పౌరసత్వము గలవారు వేలకొలది వెడలగొట్టబడిరి. వారితో వారి కుటుంబములును పోయినవి. నాటి లక్షమందిలో నేడు మిగిలిన సమాజము కొన్ని వేలు మాత్రమే. పశ్చిమ థ్రేసు మహమ్మదీయులు నేటికిని అక్కడనే యున్నారు గాని, దీర్ఘకాలము ఆస్తి, విద్య, పౌరసత్వముల విషయమున వారును ఇక్కట్లు పడిరి.

ఈ వినిమయమును సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానిని దాని పూర్ణబలముతో చెప్పుట మా విధి. వారిట్లందురు: "ఒడంబడిక వ్రాయునాటికే క్రైస్తవులలో అధికసంఖ్యాకులు పాఱిపోయి గ్రీసు చేరియుండిరి. పండ్రెండు లక్షలలో ఒడంబడిక ననుసరించి పంపబడినవారు సుమారు రెండు లక్షలు మాత్రమే. పాఱిపోయిన వారిని మరల పంపుట వారిని కత్తికి అప్పగించుటయే. పండ్రెండు లక్షల నిరాశ్రయులకు ఇండ్లును భూములును కావలయును. మహమ్మదీయులు వెడలిననే అవి దొరకును. కాందిశీకుల సంరక్షణమునకై నానాజాతి సమితిచే నియమింపబడి, 1922లో నోబెలు శాంతి బహుమానము పొందిన నాన్సెను మహాశయుడే ఈ వినిమయమును ప్రతిపాదించెను. ఆతడు క్రూరుడు కాడు గదా! కలిసి బ్రతుకలేని వారిని వేఱుచేయుటయే కరుణ."

నాన్సెను సద్భావమును మేము శంకింపము. మునిగిపోవుచున్న వానిని ఒడ్డునకు చేర్చువాడు వాని అంగీకారమునకై ఆగడు. కాని ఈ వాదమున రెండు వేఱువేఱు కార్యములు ఒకటిగా కలుపబడినవి. ప్రాణభయముతో వచ్చిన వానికి ఆశ్రయమిచ్చుట ఒకటి. తన ఇంట తానున్న వానిని వెడలగొట్టుట మఱియొకటి. మొదటిది దయ, రెండవది హింస. మొదటిదాని పుణ్యమును చూపి రెండవదాని పాపమును కప్పుట తగదు. గ్రీసునందలి మూడున్నర లక్షల మహమ్మదీయులలో పెక్కుమంది ఆ సమయమున తమ పొలములను దున్నుకొనుచు, తమ పొగాకును కోసికొనుచు నుండిరి. వారిని కదిలింపవలసిన అవసరమేమి? వారి ఇండ్లు ఇతరులకు కావలసివచ్చినవి. అంతే. ఒక దుఃఖితుని కన్నీరు తుడుచుటకై మఱియొక నిరపరాధిని దుఃఖితుని చేయుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు. కప్పదోకియా గ్రామస్థుల విషయమున ఈ అవసరమను మాట మఱింత శూన్యము.

మఱియు ఈ 'అవసరము'ను కల్పించినవారెవరు? ఏ ప్రభుత్వముల సేనలు గ్రామములను కాల్చి, పొరుగువారిని పొరుగువారికి శత్రువులుగా చేసినవో, ఆ ప్రభుత్వములే న్యాయాసనము నెక్కి, "వీరు కలిసి బ్రతుకలేరు" అని తీర్పు చెప్పినవి. ఇల్లు కాల్చినవాడే, "ఈ యింట ఎవరును ఉండవీలులేదు" అని సాక్ష్యము చెప్పినట్లున్నది. ఆ తీర్పునకు లోబడవలసిన గొఱ్ఱెలకాపరిని, తివాచీలు నేయు స్త్రీని, రేవుకూలిని ఎవ్వరును పిలిచి అడుగలేదు. సభకు అధ్యక్షులలో నొకడగు కర్జను ప్రభువు ఈ నిర్బంధ వినిమయము మిక్కిలి చెడ్డదనియు, లోకము నూఱు సంవత్సరముల వఱకు దీనికి దండువు చెల్లింపవలసి వచ్చుననియు పలికెను. అయినను పని ఆగలేదు. ఉభయపక్షముల వారును నిర్బంధమను భావము తమది కాదని చెప్పుకొనిరి. తండ్రి నేనని ఒక్కడును ముందుకు రాని బిడ్డవంటి దీ నిర్ణయము. చేయువారే సిగ్గుపడిన కార్యమును మనము నీతియని కొనియాడవచ్చునా?

వేఱు మార్గము లేకపోలేదు. 1919 నవంబరులో గ్రీసు, బల్గేరియా దేశములు నెయ్యీ సంధి సమయమున వేఱొక ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము అల్పసంఖ్యాకులు ఇష్టమున్న వెడలవచ్చును, లేనిచో ఉండవచ్చును. అదియును నిర్దోషము కాదు. ఇష్టమను పేరిట బెదరింపులును నడచినవి. అయినను పత్రమునందైనను మనుష్యుని ఇష్టమునకు చోటుండెను. బెదరింపు జరిగినప్పుడు అది ఒడంబడికను మీఱుట యయ్యెను. లోజాన్‌లోనో, బెదరింపే ఒడంబడిక యయ్యెను.

ఇక ఫలములను చూతము. గ్రీసు దేశమునందు 1928వ సంవత్సరపు జనసంఖ్యలో కాందిశీకులు 12,21,849 మందిగా లెక్కింపబడిరి. దేశమున ఐదుగురిలో ఒకడన్నమాట. నానాజాతి సమితి ఆదరువున 1923లో ఏర్పడిన పునరావాస సంఘము ఋణములు తెచ్చి, మాసిడోనియా సీమయందు గ్రామములు కట్టించి, చిత్తడినేలలను బాగుచేయించి, కాందిశీకులకు కమతములు పంచిపెట్టెను. ఇది శ్లాఘ్యమైన కార్యము. కష్టజీవులగు ఆ జనుల శ్రమ మఱింత శ్లాఘ్యము. అయినను వారు చేరిన దేశము వారిని వెంటనే తనవారిగా చూడలేదు. గ్రీసులో వారిని "తురుష్క బీజము" అనియు, "పెరుగుతో బాప్తిస్మము పొందినవారు" అనియు ఎగతాళి చేసిరి. తుర్కీలో క్రీటునుండి వచ్చినవారిని "సగము కాఫిరులు" అనిరి. ఏ జాతికి చెందినవారని చెప్పి ఇల్లు విడిపించిరో, ఆ జాతియే వారిని పరాయివారనెను.

ఆస్తుల కథ మఱియొకటి. విడిచిన ఆస్తికి తుల్యమైన ఆస్తి చేరినచోట ఇయ్యబడునని ఒడంబడిక మాట యిచ్చెను. నలుగురు గ్రీకులు, నలుగురు తురుష్కులు, తటస్థ దేశస్థులు ముగ్గురు గల మిశ్రసంఘము ఈ వెలలు కట్టుటకు కూర్చుండెను. ఏండ్లు గడచినను ఆ లెక్క తేలలేదు. తుదకు 1930 జూన్ 10వ తేదీన అంకారా నగరమున రెండు ప్రభుత్వములును ఒకదాని బాకీకి మఱియొక దాని బాకీ చెల్లు వేసికొని, విడువబడిన ఆస్తులను తామే గైకొనెను. రాజ్యములకు లెక్క సరిపోయెను. తాత నాటిన ఒలీవతోటను కోల్పోయిన వానికి సరిపోలేదు.

వస్తువులు కూడ ఈ కథను చెప్పుచున్నవి. కప్పదోకియాలోని గెల్వెరి గ్రామస్థులు వెడలునప్పుడు, తమ పూజ్యుడగు గ్రెగొరీ మహర్షి అస్థులను మోసికొనిపోయి, కవాలా పట్టణ సమీపమున తాము కట్టుకొన్న నియా కర్వాలీ గ్రామమున నుంచిరి. వారు విడిచిన దేవాలయము మసీదయ్యెను. తుర్కీ దక్షిణ తీరమున లెవిస్సీ యను గ్రామమునకు ప్రతిగా తేబడినవారు అక్కడ నిలువలేదు. వందలకొలది రాతియిండ్లు కప్పులు లేక నేటికిని శూన్యముగా నిలిచియున్నవి. మనుష్యునకు మనుష్యుడు సమానమని పట్టికలో వ్రాయుట సులభము. కాని కొండవాలున ద్రాక్ష పెంచువానికి సముద్రపుటొడ్డు పొలమిచ్చి, చేపలు పట్టువానికి మెట్టభూమి నిచ్చి, ఇరువురకును సమముగా ఇచ్చితిమనుట వ్యర్థము.

"అయినను శాంతి వచ్చినది గదా!" అందురు. 1930లో వెనిజెలోసు అంకారాకు పోయి ముస్తాఫా కెమాలుతో స్నేహము చేసెను. 1934లో ఆతని పేరును నోబెలు శాంతి బహుమానమునకు సూచించెను. ఈ స్నేహము గొప్పది. కాని అది జనులను వేఱుచేయుట వలన తనంత తాను పుట్టలేదు; యుద్ధముచే అలసిన ఇద్దఱు నాయకులు బుద్ధిపూర్వకముగా వైరమును విడిచినందున పుట్టినది. ఆ బుద్ధి సడలినప్పుడు, వినిమయము జరిగియుండియు, 1955, 1964 సంవత్సరముల దురాగతములు జరిగినవి. 1974లో సైప్రసు నిమిత్తమై రెండు దేశములును యుద్ధపు టంచునకు వచ్చినవి. కావున సద్బుద్ధి యున్నచో అల్పసంఖ్యాకులు ఉండియు శాంతి కలుగును. అది లేనిచో వారిని తఱిమివేసియు శాంతి కలుగదు.

ఈ దృష్టాంతము ఆ రెండు దేశములతో నిలిచిపోలేదు. చెడ్డ ఉదాహరణము మంచి ఉదాహరణముకంటె వేగముగా ప్రయాణము చేయును. 1937లో పాలస్తీనా విషయమై విచారించిన పీలు సంఘము దీనిని ఉదాహరించెను. 1944 డిసెంబరులో చర్చిలు దీనిని జయప్రదమైన కార్యముగా పార్లమెంటున పేర్కొనెను. అటుతరువాత తూర్పు ఐరోపానుండి జర్మనులు కోటిమందికి పైగా వెడలగొట్టబడిరి. మన దేశముననే 1940లో డాక్టరు అంబేడ్కరు పాకిస్తాను ప్రశ్నమును చర్చించు గ్రంథమున గ్రీసు, తుర్కీ, బల్గేరియాల వినిమయమును దృష్టాంతముగా చూపెను. 1947లో పంజాబున ఒడంబడిక లేకయే కత్తి ఆ పని చేసినది. కోటిమందికి పైగా సరిహద్దులు దాటిరి. మరుసటి సంవత్సరము జూలైలో పశ్చిమ పాకిస్తానునుండి తిరిగి రాదలచిన వారికి పర్మిటు నిబంధన విధింపబడెను. ఇంటికి మరలు మార్గమునకు ఇచ్చటను తాళము పడెను.

కాని 1950 ఏప్రిలు 8వ తేదీన ఢిల్లీలో నెహ్రూ, లియాఖతాలీఖానులు చేసికొన్న ఒడంబడికను మేము జ్ఞప్తికి తేగోరుచున్నాము. బెంగాలున కల్లోలము చెలరేగి, సంపూర్ణ జనవినిమయమే మందని పలువురు కేకలు వేయుచున్న సమయమది. దానిని త్రోసిపుచ్చి, అల్పసంఖ్యాకులకు సమానమగు పౌరత్వమును, ఆ సంవత్సరాంతము లోపల తిరిగి వచ్చినవారికి స్థిరాస్తిని వాగ్దానము చేసిరి. దానిని నిరసించి మంత్రులిద్దఱు రాజీనామా చేసిరి. ఆ వాగ్దానము పూర్తిగా నెఱవేఱలేదు. జనుల వలస ఆగలేదు. అయినను నెఱవేఱని ధర్మవాగ్దానమునకును, చక్కగా నెఱవేఱిన అధర్మమునకును గొప్ప భేదము కలదు. మొదటిదాని పేరు చెప్పి బాధితుడు న్యాయమడుగవచ్చును. రెండవదానియందు అడుగుటకు ఆధారమే లేదు.

లోకపు ధర్మబుద్ధియు నెమ్మదిగా మేలుకొన్నది. 1949వ సంవత్సరపు జినీవా ఒడంబడిక ఆక్రమిత భూములనుండి జనులను బలవంతముగా తరలించుటను నిషేధించెను. 1963లో ఐరోపా దేశములు స్వప్రజలను వెడలగొట్టరాదని నియమము చేసికొనెను. 1998వ సంవత్సరపు రోము శాసనము అట్టి వెడలగొట్టుటను మానవజాతిపట్ల చేయబడు నేరములలో చేర్చెను. 1923లో సంధిపత్రమునకు అలంకారమైన పని నేడు నేరముగా నెంచబడుచున్నది. కాని శాసనము వ్రాసినంతమాత్రమున హృదయము మాఱదు. "వారిని వారి దేశమునకు పంపివేయుడు" అను మాట నేటికిని అనేక భాషలలో వినబడుచునే యున్నది. పుట్టి పెరిగిన నేలకంటె వేఱు దేశము వారికెక్కడిది?

కావున ఇట్టి ఉపాయము ఎవరేని సూచించినప్పుడు విద్యావంతులు రెండు ప్రశ్నములు తప్పక వేయవలయునని మా మనవి. పోవలసిన వానిని అడిగిరా? పోయిన వానికి తిరిగి వచ్చు త్రోవ ఉంచిరా? ఈ రెంటికిని అవునని ఉత్తరము వచ్చినచో అది వలస. కాదని వచ్చినచో, ఎంత చక్కని భాషలో వ్రాయబడినను, ఎంత గొప్ప సభలో ఆమోదింపబడినను, అది బహిష్కారమే. అంతకుపూర్వమే మనము చేయవలసిన పని మఱియొకటి కలదు. మన వీథిలో, మన పాఠశాలలో, మన కచ్చేరిలో తక్కువ సంఖ్యగా నున్న వానిని వాని మతస్థులు ఎక్కడనో చేసిన తప్పునకు నిందింపకుండుట, వాని నడవడిని బట్టియే వానిని విలువకట్టుట. ఇది చిన్నపనివలె కనబడును. కాని పొరుగువాడు పొరుగువానికి ఈ న్యాయము చేసినచోట, వారు కలిసి బ్రతుకలేరని తీర్పు చెప్పుటకు ఏ రాజ్యమునకును సాక్ష్యము దొరకదు.